గది చిన్నదన్నందుకు

ఆ రోజు ఉప్పల్‌లో ఒక సైకిల్ దుకాణం ముందు, నలుగురు వింటుండగా, ఒక మనిషిని సంస్కారం లేనివాడని తిట్టాను. అతను నాకు మంచి చెప్పబోయాడు. అతని మాట నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదన్న సంగతి కూడా నాకు అర్థం కాలేదు. ఇన్నేళ్ల తర్వాత తలుచుకుంటే నవ్వే వస్తుంది కానీ, ఆ నవ్వు మధ్యలో ఎక్కడో సిగ్గు తగులుతుంది.

అరవైల మధ్యలో మాట. హబ్సిగూడ వైపు ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో ఉద్యోగం వచ్చి, గుంటూరు ప్రాంతం నుంచి కొత్తగా వచ్చాను. ఇల్లు దొరకడానికే రెండు నెలలు పట్టింది. మీది ఏ ఊరు, ఏం తింటారు, ఎందరుంటారు అని అన్నీ అడిగి, చివరికి లేదు పొమ్మనేవాళ్లు. ఆఖరికి నాచారంలో ఒక పెద్దావిడ తన ఇంట్లో ఓ పక్క ఒక గది, చిన్న వరండా ఇచ్చింది. మామగారికి ఉత్తరం రాస్తూ రెండు గదుల ఇల్లని రాశాను. ఎందుకు రాశానో నాకే తెలియదు. ఆ అబద్ధం ఆడినప్పటి నుంచి ఎవరైనా గది మాటెత్తితే చాలు, ఒంటి మీద జెర్రి పాకినట్టుండేది.

పురిటికి వెళ్లిన మా ఆవిడ మూడో నెల పాపను తీసుకుని వచ్చింది. తనకు చిన్నప్పుడు జ్వరం వచ్చి ఒక కాలు సన్నబడిపోయింది. తొడ మీద చెయ్యి ఆనించి నడుస్తుంది. ఎంత దూరమైనా నడుస్తుంది, కానీ ఒక చెయ్యి ఎప్పుడూ కాలికే కావాలి. పాపను ఎత్తుకుని గుమ్మం దాటడానికి భయం. దవాఖానాకైనా, వీధి చివరికైనా, పాపను నేనో, ఇంటావిడో ఎత్తుకుంటే తను ఖాళీ చేతులతో వెనక వచ్చేది. ఒకసారి సైనిక్‌పురిలో ఒక మిలిటరీ ఆయన భార్య పాపాయిని బండిలో కూర్చోబెట్టి తోసుకుంటూ పోవడం చూసింది.

"అలాంటిది ఒకటి ఉంటే మన పాపను నేనే తిప్పుకుంటాను కదండీ" అంది.

పెళ్లయిన మూడేళ్లలో తను నన్ను అడిగిన మొదటి వస్తువు అది.

ఉప్పల్‌లో ఒక సైకిల్ షాపతను అలాంటి బండ్లు కూడా తెచ్చి అమ్ముతాడని ఎవరో చెప్పారు. ఒక శనివారం మధ్యాహ్నం రిక్షాలో బయల్దేరాం. దుకాణం ముందు రెండు బండ్లు ఉన్నాయి. ఒకటి నీలం రంగుది, కొత్తది, తేలిగ్గా, బొమ్మలా మెరుస్తోంది. రెండోది పాతది, నల్లగా, ఎత్తుగా, పెద్ద పెద్ద చక్రాలతో, ఎవరో దొరగారి గుర్రబ్బండిని కుదించినట్టుంది. చువ్వలు తుప్పు పట్టాయి. మా ఆవిడ రిక్షా దిగి, కాలి మీద చెయ్యి ఆనించుకుంటూ గడప దాకా వచ్చింది. ఇంతలో నా చేతుల్లో పాప ఏడుపు మొదలుపెట్టడంతో, తను మళ్లీ రిక్షా ఎక్కితే పాలు పట్టడానికి పాపను అందించాను.

దుకాణమతను నా వైపు చూడలేదు. ట్యూబును తొట్టి నీళ్లలో ముంచి బుడగలు వెతుకుతున్నాడు.

"ఏమయ్యా, ఈ బండ్లు చూపిస్తావా?"

"ఆగు."

పది నిమిషాలు ఆగాను. బల్ల మీద ఇద్దరు కూర్చుని చాయ్ తాగుతూ నన్ను చూస్తున్నారు. మళ్లీ అడిగాను. "ఆగు జర" అన్నాడు. మా ఆఫీసులో అటెండర్లు నన్ను అండీ అంటారు. ఇక్కడ ఇతను నువ్వు అంటున్నాడు. అప్పటికే నాకు లోపల ఉడుకుతోంది. ఇక అతన్ని పట్టించుకోకుండా నీలం బండి పిడి పట్టుకుని ముందుకీ వెనక్కీ తోసి చూశాను.

అప్పుడు తలెత్తాడు. రిక్షా వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి అన్నాడు.

"గది చిన్నగున్నది సారు. గది నీకు పనికి రాదు. ఆమెకైతే అసలే పనికి రాదు."

నా చెవులు వేడెక్కాయి. మేం ఒక్క గదిలో ఉంటున్న సంగతి ఇతనికెవరు చెప్పారు?

"మా గది సంగతి నీకెందుకయ్యా?"

"మీదెట్లయితది సారు? ఇంక కొననే లేదు."

"కొనే స్తోమత ఉంటే నీ చేత ఈ మాట ఎందుకు పడతాను? అద్దెకుంటున్నాను."

అతను ట్యూబు పక్కన పెట్టాడు.

"అద్దెకా? గది కిరాయికియ్యం సారు. సైకిళ్లే కిరాయికిస్తం."

రెండు నెలలు వీధి వీధీ తిరిగి విన్న మాటలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. గొంతు పెంచాను. మనుషులతో ఎలా మాట్లాడాలో నేర్చుకుని దుకాణం పెట్టమన్నాను. సంస్కారం లేని మనిషివన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. చాయ్ తాగే ఇద్దరిలో ఒకడు మెల్లిగా, "సారుకు ఇల్లు గావాల్నేమోనే అన్నా" అన్నాడు. అది వెటకారమే అనుకున్నాను. దుకాణమతను చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నన్నే చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం లేకపోవడం కూడా నాకు పొగరులాగే కనిపించింది.

"వద్దు సారు, నా మాటిను. గది కొనకు."

బండికి కట్టిన చీటీ మీదున్న ధర చూసి, డబ్బు అక్కడి సైకిల్ సీటు మీద పెట్టి, నీలం బండి ఎత్తి రిక్షా మీద వేయించాను. ఆవిడ ఏమిటా గొడవని అడిగితే, "మర్యాద తెలియని మనిషిలే" అన్నాను. "ఆ పెద్ద బండి చూశారా?" అంది. పాత తుక్కు అన్నాను.

ఇంటికి రాగానే ఇంటావిడ బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

"ఏంది సారు, మిరపకాయ బజ్జీలమ్ముతవా?"

పాపను పడుకోబెట్టబోతుంటే ఆమె అడ్డం వచ్చింది. తొట్టెలో మొదటిసారి బిడ్డను వేసే ముందు గుడ్డలో చుట్టిన పొత్రాన్ని పడుకోబెట్టాలట. అది తొట్టె కాదు, బండి అన్నాను.

"సక్రాలున్నా తొట్లె తొట్లెనే. జర ఆగు."

లోపలికి వెళ్లి రుబ్బురోలు పొత్రం తెచ్చి, పాప పాత లంగోటాలో చుట్టి, బండిలో పడుకోబెట్టి, దానికి బుగ్గన చుక్క కూడా పెట్టింది. పాప ఆమె మంచం మీద నిద్రపోతోంది. నేను పెద్ద చదువుకున్నవాడిలా నవ్వాను.

మా ఆవిడ రెండు చేతులతో పిడి పట్టుకుని ముందు వాకిట్లో తోసింది. నాలుగడుగులు బాగానే వేసింది. ముఖం వెలిగిపోతోంది. అయిదో అడుగులో, ఎప్పటిలాగే కాలు సహకరించక బరువంతా చేతుల మీద వేసింది. పిడి కిందికి దిగింది, ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. బండి వెనక్కి తిరగబడి, పొత్రం దబ్బున నేల మీద పడింది. ఆవిడ చతికిలబడింది.

పరుగెత్తుకెళ్లి లేపాను. దెబ్బేమీ తగల్లేదు. ముగ్గురం ఆ పొత్రాన్నే చూస్తున్నాం. నేల మీద అది చేసిన గుంటను పాదంతో పూడ్చేశాను.

"నేనే సరిగ్గా పట్టుకోలేదు" అని చీర దులుపుకుంది. "పోనీలెండి. ఇంకో ఏడాది ఆగితే అదే నడుస్తుంది."

అంత తేలిగ్గా తను ఆ కోరిక వదిలేసుకోవడం నాకు పొత్రం పడ్డ చప్పుడు కంటే గట్టిగా వినపడింది.

ఇంటావిడ మాత్రం ఊరుకోలేదు. "నువ్వేంజేస్తవ్ బిడ్డా. గది చిన్నది. గది నిన్నాపుతదా?"

నేను తిరిగి మా గుమ్మం వైపు చూశాను.

"గదికేమయింది?"

"గదికేమైతది? బోర్ల పడ్డది, కానొస్తలేదా?"

గది నిటారుగానే ఉంది. మా ఆవిడ నన్ను చూసింది, నేను చూస్తున్న వైపు చూసింది.

"ఏవండీ, ఆ షాపతను మీతో సరిగ్గా ఏమన్నాడు?"

ఉన్నదున్నట్టు చెప్పాను. గది చిన్నగున్నదన్నాడు, గది కిరాయికివ్వం అన్నాడు. అంతే, వరండా స్తంభం పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. నవ్వీ నవ్వీ కళ్లవెంట నీళ్లు కారాయి. ఇక్కడివాళ్లు 'అది' అనడానికి 'గది' అంటారని తను వచ్చిన వారానికే ఇంటావిడ దగ్గర నేర్చుకుందట. తన మాట అర్థమై ఇంటావిడ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గట్లనా! మరి అర్రను మీరు గదంటరా? పాపం, కిరాయికి సైకిలిస్తనంటే కొట్లాడొచ్చినవా సారు?"

తొమ్మిది నెలలు ఆ ఊళ్లో ఉండి, పొద్దున ఆఫీసుకు పోయి సాయంత్రం తలుపేసుకోవడమే తప్ప, పక్కింటివాళ్ల మాట చెవిన పెట్టనివాణ్ణి నేనే. వాళ్లది సరిగ్గా రాని తెలుగనుకునేవాణ్ణి. ఆ సాయంత్రం వాళ్లిద్దరి నవ్వులో నాక్కూడా నవ్వొచ్చింది. తర్వాత అన్నం సహించలేదు.

మర్నాడు ఆదివారం. రిక్షా ఎక్కలేదు. నీలం బండిని నాచారం నుంచి ఉప్పల్ దాకా తోసుకుంటూ పోయాను. దారి పొడుగునా ఖాళీ బండిలోకి తొంగి చూడనివాడు లేడు. "పిల్లేది సారు, పడిపోయిందా?" అని హబ్సిగూడ దగ్గర ఒక పళ్లమ్మే ఆమె అడిగింది. పిల్ల ఇంట్లో ఉందని ప్రతివాడికీ చెప్పుకుంటూ వెళ్లాను.

దుకాణమతను ఒక చక్రం వంకర తీస్తున్నాడు. చాయ్ తాగే ఇద్దరూ ఉన్నారు.

"ఆగు" అన్నాడు, తలెత్తకుండానే.

ఆగాను. ఈసారి పావుగంట. తర్వాత ఆ ఇద్దరూ వినేట్టుగానే చెప్పాను. నిన్న తప్పుగా మాట్లాడాననీ, నీ మాట నాకు అర్థం కాలేదనీ, క్షమించమనీ. మా భాషలో గది అంటే ఏమిటో కూడా చెప్పాను. బల్ల మీది ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. అతను నవ్వలేదు. తల గోక్కున్నాడు.

"ఇల్లు దొరకక దిమాగ్ ఖరాబైందేమో అనుకున్న సారు. చంటిపిల్లతోని తిరుగుతున్నరు గద. రాత్రే మా మేనమామను అడిగిన. ఆయనింట్ల ఒక అర్ర ఖాళీ ఉన్నదట. వద్దా మరి?"

నేనన్న మాటలు విని అతను నాకు ఇల్లు వెతికాడు. వద్దని తలూపాను.

"సరే గని," అని నీలం బండిని లోపలికి నెట్టి, ఆ నల్లటి పాత బండిని ముందుకు లాగాడు. "గిది పెట్టిన నీకు. బరువుంటది, ఎన్కకు లేవది. పిడి ఆమె లెక్కన మార్చాలె. ఆమె ఏ దిక్కు మోపుతది? ఎడమకా, కుడికా?"

కుడి, అన్నాను. కాదు, ఎడమ. కళ్లు మూసుకుని తను నడిచి వస్తున్నట్టు ఊహించుకున్నాను. ఎదురుగా వస్తే ఒకలా, వెనక నుంచి చూస్తే ఒకలా కనిపిస్తోంది. మూడేళ్లు పక్కన నడిచాను. నిజానికి పక్కన కాదు, రెండడుగులు ముందు నడిచేవాణ్ణి. తెలియదని ఒప్పుకున్నాను.

"ఎడమకే అనుకుంట," అన్నాడు అతను. "నిన్న రిక్షా దిగంగ జూసిన. ఎందుకైనా మంచిది, ఆమెను తోల్కరా."

మధ్యాహ్నం ఆవిడను తీసుకెళ్లాను. అతను తనను అమ్మా అని పిలిచి, బండి పట్టించి, పది అడుగులు నడిపించి, సుద్దముక్కతో పిడి మీద గీత గీశాడు. ఎడమ వైపు పట్టు కొంచెం ఎత్తుగా ఉండాలన్నాడు. ముందు భాగంలో అడుగున ఇనుపపట్టీ బిగిస్తానన్నాడు. తను ఇంకోసారి తోసి, ఆనుకుని, బరువంతా వేసి చూసింది. కదల్లేదు. ఎప్పుడిస్తారని అడిగింది.

"చాన పనున్నది బిడ్డా. తుప్పు గీకాలె, రంగెయ్యాలె. నేనొక్కణ్ణే."

తుప్పు నేను గీకుతానన్నాను. అతను నా తెల్ల చొక్కా చూశాడు.

"వస్తదా నీకు?"

"నేర్పు."

మూడు సాయంత్రాలు ఆఫీసు నుంచి నేరుగా ఉప్పల్ వెళ్లి, ఆ బల్ల పక్కన కింద కూర్చుని, గరుకు కాగితంతో చువ్వ చువ్వా రుద్దాను. "గట్ల కాదు సారు, గిట్ల" అంటూ అతను నా చేతిలోంచి లాక్కుని చూపించేవాడు. నువ్వు అనే పిలిచేవాడు. చాయ్ మాత్రం నాకూ తెప్పించేవాడు. నా పని పూర్తయిందని చూపిస్తే ఎంత సేపైనా తలెత్తకుండా ఆగు అనేవాడు. గిరాకీ వస్తే వాళ్లనూ అంతే. కోపం వచ్చి వెళ్లిపోబోయేవాళ్లను మూడో రోజుకు నేనే కూర్చోబెట్టి, ఆయన పని అట్లాగే ఉంటుంది, ఉండండి, మంచిది చూపిస్తాడు అని సర్దిచెప్పాను.

నాలుగో రోజు బండి ఇంటికి చేరింది. ఇంటావిడ మళ్లీ పొత్రం తెచ్చి, వాకిలంతా నాలుగుసార్లు తిప్పించింది. పడలేదు. అప్పుడు పాపను పడుకోబెట్టారు. మా ఆవిడ పిడి పట్టుకుంది. నేను చెప్పులు వేసుకుంటున్నాను.

"మీరు రావద్దు" అంది.

వీధి ఎగుడుదిగుడుగా ఉందని చెప్పబోయాను. కాలువ దగ్గర మలుపు ఉందని చెప్పబోయాను. తను చూస్తూ నిలబడింది. చెప్పులు విప్పేశాను.

గేటు దగ్గర నిలబడి చూడాలని ఎంత అనిపించినా లోపలికి వచ్చేశాను. పెరట్లో బాదం చెట్టు నీడలో బకెట్టు నిండా పాప గుడ్డలు నానబెట్టి ఉన్నాయి. వాటి ముందు కూర్చుని ఒక్కొక్కటే ఉతకడం మొదలుపెట్టాను. చక్రాల చప్పుడు వీధి మలుపు దాకా వినిపించి, తర్వాత వినిపించలేదు. వెళ్లి చూడలేదు. తను తిరిగొచ్చేసరికి గుడ్డలన్నీ తీగ మీద ఆరేసి, మామగారికి ఉత్తరం రాస్తూ ఉన్నాను. మేం ఉండేది ఒక్క గదిలోననీ, చిన్నదైనా మాకు సరిపోతోందనీ, మీ అమ్మాయి ఇప్పుడే పాపను తీసుకుని ఒక్కతే వీధిలోకి వెళ్లిందనీ రాశాను.