మనాలి పోవాల్సిన స్వెట్టరు

తిరుపతి రైల్వే స్టేషనుకు దగ్గర్లో ఒక సత్రంలో తాయమ్మ దుప్పట్లు ఉతికేది. మామూలు రోజుల్లో నలభై, పండగొస్తే వంద. యాత్రికులు దుప్పట్ల మీద ఏం చేయరు గనుక! చందనం, కుంకుమ, పులిహోర నూనె, పసిపిల్లల నిర్వాకాలు. పెద్ద రాగి అండాలో సోడా వేసి ఉడకబెట్టి, బండ మీద నాలుగు బాదితే ఎంతటి మరకైనా దిగిరావలసిందే. తాయమ్మ ఉతుకుకు వంక పెట్టలేమని సత్రం మేనేజరు పరంధామయ్య కూడా అనేవాడు. ఆయన ఎవర్నీ మెచ్చుకునే రకం కాదు.

మొగుడు పోయాక ఆమెకు మిగిలింది ఒక్క కూతురు, మునీశ్వరి. తొమ్మిదో తరగతి, ఎన్‌సీసీలో చేరింది. ఎనభైమూడు డిసెంబరులో ఆ పిల్లను మనాలిలో జరిగే మంచు క్యాంపుకు ఎంపిక చేశారు. జిల్లా మొత్తానికీ ఇద్దరే ఆడపిల్లలు. కాళ్లకు పొడుగాటి చెక్కలు కట్టుకుని మంచుకొండ మీంచి జారడం నేర్పిస్తారట. చెక్కలు వాళ్లే ఇస్తారు, ఉన్ని బట్టలు మాత్రం ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి. ఎన్‌సీసీ చూసుకునే జ్ఞానాంబ టీచరు చీటీ రాసిచ్చింది. మందపాటి స్వెట్టరు, ఉన్ని ప్యాంటు, గ్లౌజులు, మేజోళ్లు, మంకీ క్యాపు. అన్నీ కళ్లారా చూస్తే గానీ రైలెక్కించనని కూడా చెప్పింది.

ఇక మునీశ్వరి కాలు నేల మీద నిలిస్తే ఒట్టు. ఇంట్లో గచ్చు తడిపి, గోనెపట్టా కాళ్ల కింద వేసుకుని ఈ గోడ నుంచి ఆ గోడకు జారేది.

"నడుం ఇరగ్గొట్టుకున్నావంటే మనాలీ లేదు, గినాలీ లేదు సూడు!" అని తల్లి తిట్టేది. తిట్టేదే గానీ ఆపేది కాదు. తండ్రి పోయాక ఆ పిల్ల పగలబడి నవ్వడం మళ్లీ ఇప్పుడే మరి.

తిరుపతి చలి ఎంత? పొద్దున్నే చన్నీళ్లు పోసుకుంటే అబ్బా అనిపించేంత. ఉన్ని గురించి తాయమ్మకేం తెలుసు, గొర్రెల కాపరుల భుజాల మీద కంబళి చూడ్డం తప్ప. గాంధీ రోడ్డులో చలికాలం వచ్చిందంటే టిబెట్ వాళ్లు స్వెట్టర్లు పరిచి అమ్మేవాళ్లు. తల్లీకూతుళ్లు అక్కడికి పోయారు. ఒక పక్క తళతళలాడే కొత్తవి, గులాబీ రంగువి, పసుపువి. ఇంకో పక్క విదేశాల నుంచి మూటల్లో వచ్చిన పాతబట్టల కుప్ప. మునీశ్వరి కళ్లు గులాబీ రంగు మీంచి కదల్లేదు.

తాయమ్మ రెండూ పిసికి చూసి ఎటూ తేల్చుకోలేకపోయింది. అమ్ముతున్న టిబెట్ ఆమె రెండింట్లోంచీ ఒక్కో పోగు లాగి అగ్గిపుల్లకు చూపించింది. కొత్తది కరిగి గట్టి ముద్దయింది. పాతది కాలిన వెంట్రుకల వాసన వేసింది.

"ఇది గొర్రె. అది మిషను, చలి ఆగదు" అంది ఆమె వచ్చీరాని తెలుగులో.

"పాతదైతే ఏమి పాపా, ఎంత మందంగా ఉండాదో సూడు. ఆడ నిన్ను కాపాడేది రంగు గాదు" అని తాయమ్మ ముదురు నీలం స్వెట్టరూ, దానికి తగ్గ మిగతావన్నీ పాతవాటిలోంచే ఏరింది. కూతురి భుజాలకు ఆనించి కొలత చూసింది గానీ వేసుకోనివ్వలేదు.

ఎవరు తొడిగి విడిచినవో! బతికున్నవాళ్లవో, పోయినవాళ్లవో! పరాయి గుడ్డను ఉడకబెట్టకుండా బిడ్డ ఒంటి మీద వేసే తల్లి వాళ్ల వీధిలో లేదు. ప్రయాణానికి ముందు రోజు పొద్దున్నే ఆ మూట సత్రానికి తీసుకెళ్లి అండాలో వేసింది. తన బిడ్డవి కదా అని సోడా ఇంకో రెండు గుప్పిళ్లు వేసింది. మంట ఎగదోసింది. తీసి బండ మీద కసిగా బాదింది.

దులిపి చూస్తే స్వెట్టరు నాలుగేళ్ల పిల్లకు సరిపోయేలా ఉంది. అట్టలాగా బిరుసెక్కింది. గ్లౌజులో ఆమె మూడు వేళ్లు కూడా దూరలేదు. గొర్రె ఉన్ని ఉడికితే ముడుచుకుపోతుందని ఆమెకెవరు చెప్పారు! దుప్పటిలాగే సాగుతుందేమోనని ఒక కొస పట్టుకుని, ఇంకో కొస పట్టుకోమని పరంధామయ్యను పిలిచింది. ఆ పెద్దమనిషి వచ్చి పట్టుకున్నాడు. ఇద్దరూ లాగారు. చంక దగ్గర పటుక్కున చినిగింది.

గాంధీ రోడ్డుకు పరుగెత్తింది. పాతబట్టల కుప్ప అమ్ముడైపోయింది. మిషనువే స్వెట్టర్లు రెండు, మిగతావన్నీ తీసుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని టీచరు దగ్గరికి పోయింది.

"ఒగదాని మింద ఒగటి ఏసి పంపిస్తా టీచరమ్మా. తప్పు నాది, బిడ్డది గాదు."

టీచరు ఆ స్వెట్టర్లను చేత్తో తడిమి తిరిగిచ్చేసింది. "ఆ మంచులో పిల్లకేమన్నా అయితే నీకు నేనేం జవాబు చెప్పాలి తాయమ్మా?" అంది. మర్నాడు జాబితాలో తర్వాతి అమ్మాయి రైలెక్కింది.

మునీశ్వరి ఏడవలేదు. అరవలేదు. "తిట్టు పాపా, నోరారా తిట్టు నన్ను" అని తల్లే బతిమాలింది. "నీకు తెలీదు గదమ్మా" అని ఊరుకుంది ఆ పిల్ల. బిడ్డ సంతోషాన్ని తన చేతుల్తో తానే ఉడకబెట్టానని తాయమ్మ కుమిలిపోయింది.

ఆదివారం వచ్చింది. ఇంట్లో విడిచిన బట్టలు మూటగట్టి సత్రానికి తీసుకెళ్లడం ఆమె అలవాటు. చూస్తే కూతురి బట్టలు లేవు. మునీశ్వరి వీధి కొళాయి దగ్గర గొంతుక్కూర్చుని, లంగా జాకెట్లకు సబ్బు రుద్దుతోంది.

"ఇటియ్యి పాపా, నేను ఉతుకుతా గదా."

"వద్దులేమ్మా. నాయి నేనే ఉతుక్కుంటా."

ఆ మాటలో కోపమున్నా బాగుండేది. జబ్బుమనిషితో మాట్లాడినంత మెత్తగా అంది. తాయమ్మ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత తన చీర ఒక్కటే చంకన పెట్టుకుని సత్రానికి నడిచింది.