ఎగిరిపోయిన ఇరవై మైక్రోసెకన్లు

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక ఆగస్టులో, మా కంపెనీ నన్ను హైదరాబాదు నుంచి మార్కాపురం పంపింది. అప్పుడు నేను సీనియర్ ఫర్మ్‌వేర్ ఇంజనీరును. యంత్రాల లోపలి చిప్పుల్లో నడిచే ప్రోగ్రాములు రాయడం నా పని. అక్కడొక పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే యంత్రానికి మేం భద్రతా పరికరం అమర్చాం. తిరిగే బ్లేడు ముందు కంటికి కనబడని కాంతి అడ్డంగా పోతుంటుంది. చెయ్యి అడ్డొస్తే బ్లేడు ఆగుతుంది. పనివాళ్లు దాన్ని ‘కన్ను’ అనేవారు.

అందులోకి మేం కొత్త ప్రోగ్రాము ఎక్కించినప్పటి నుంచి ఎవరూ చెయ్యి పెట్టకపోయినా యంత్రం మాటిమాటికీ ఆగిపోతోంది. నేను చేరేసరికి యజమాని వెంకటరెడ్డి విసిగిపోయి ఉన్నాడు.

“సాయంత్రానికి లోడు పోవాల మేడం. మీతో కాకపోతే ఆ కన్ను పీకేసి నడుపుకుంటాం.”

ఆ యంత్రం మీద పనిచేసే ఎస్తేరమ్మకు కుడి చూపుడువేలి కొస లేదు. పాత యంత్రం కింద పోయిందట. ఆమె తలెత్తకుండానే అంది: “కన్ను పీకినాక నేను ఆడ కూచోను రెడ్డీ. వేరే మనిషిని చూసుకో.”

నేను పరికరం మూత విప్పాను.

కాంతి ఒక్కోసారి యాభై మైక్రోసెకన్లే వెలుగుతుంది. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షలవ వంతు. వెలిగిన ఇరవై మైక్రోసెకన్లకు అవతల కాంతిని పట్టే రిసీవరును చదవాలి. ఆ కాస్తసేపు ఆగడానికి ఏళ్ల కిందట నేనే ఒక ఖాళీ లూపు రాశాను. చిప్పు ఊరికే అంకెలు లెక్కపెట్టి కాలం గడుపుతుందన్న మాట.

సంకేతాలను గీతలుగా చూపే ఆసిలోస్కోపు తగిలించాను. వెలిగిన గీతా, చదివిన గీతా దాదాపు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. మధ్యన ఉండాల్సిన ఇరవై లేనే లేదు. తప్పు దొరికిందని గబగబా ల్యాప్‌టాప్ తెరిచాను. ప్రోగ్రామును చిప్పు భాషలోకి మార్చే కంపైలర్‌ను ఈసారి కొత్తది వాడాం. ఫలితమేదీ లేని నా లూపును అది దండగ అనుకుని తీసేసింది. మా ల్యాబులో రిసీవరు ముందరి అద్దం శుభ్రంగా ఉంది కాబట్టి అది వెంటనే స్పందించింది. ఇక్కడ పలక దుమ్ము వెనక దానికి వ్యవధి కావాలి. అంతలోపే చదివితే కాంతి కనబడక, చెయ్యి అడ్డొచ్చిందనుకుని బ్లేడును ఆపేస్తోంది.

ఆ ఉత్సాహంలో తొందరపడ్డాను. చిప్పును నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉండే ‘ఆగు’ ఆదేశం వాడాను. ఇరవై మైక్రోసెకన్లు అడిగితే అది వెయ్యి ఆగింది. దాని గడియారానికి అంతకంటే చిన్న కొలత లేదు. చదివే వేళకు కాంతి ఆరిపోయింది, యంత్రం అసలు కదలనే లేదు.

“ఏంది మేడం, ఉన్నది కూడా పాయె,” అన్నాడు వెంకటరెడ్డి.

అప్పుడు చిప్పులోని హార్డ్‌వేర్ కౌంటరు వైపు తిరిగాను. అది మైక్రోసెకనుకు ఒక అంకె చొప్పున తనంతట తాను పెరుగుతుంది. కాంతి వెలగగానే దాన్ని చదివి, ఇరవై పెరిగేదాకా మళ్లీమళ్లీ చదవమని రాశాను. ఆ కాస్తసేపు వేరే పనులు మధ్యలో దూరకుండా ఇంటరప్టులు ఆపాను. తెరమీద రెండు గీతలూ విడిపోయాయి. కొలిచాను. ఇరవై. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

బ్లేడు తిప్పి రెండు గంటలు రాయి కోయించాం. ఒక్కసారీ ఊరికే ఆగలేదు. తర్వాత ఎస్తేరమ్మ ఒక కట్టెపుల్లను కాంతికి అడ్డంగా చాపింది. బ్లేడు ఆగింది. పదిసార్లు చాపింది, పదిసార్లూ ఆగింది.

“ఇంక కూచుంటాలే,” అంది.

ప్రోగ్రాములో ‘ఆగు’ అని రాస్తే ఆగినట్టు కాదు. ఎంతసేపు ఆగిందో కొలవాలి. కంపైలర్ మారిన ప్రతిసారీ, దుమ్ములోనే కొలవాలి.