అక్క పెట్టిపోయిన గుడ్డముక్క

మా యూనియన్ అక్క ఇక లేదన్న సంగతి ఆదివారం పొద్దున ఆమె బిడ్డ ఫోన్ చేసి చెప్పింది. "అక్కా, అమ్మ లేస్తలేదు. ప్రార్థన మందిరానికని చీర గూడ తీసి పెట్టుకున్నది, లేస్తలేదు" అని చెప్పిందే మళ్లీ చెప్పింది. నేను అన్నోజిగూడలో బస్సెక్కి ఉప్పల్ చేరేసరికి అక్కను దవాఖానాకు తీసుకుపోవడం, తిరిగి ఇంటికి తేవడం కూడా అయిపోయింది. గుండె ఆగిందన్నారు. చీర మాత్రం ఇస్త్రీ మడత చెదరకుండా కుర్చీ మీద అలాగే ఉంది.

బస్సులో వస్తూ, అంతకు ముందు సాయంత్రం ఆమె పంపిన వాయిస్ మెసేజ్ పెట్టుకుని విన్నాను. "రేపు మందిరం కాంగనే ఫోన్ జేస్త. సోమారం బెల్లు గొట్టంగనే లేవాలె, యాదికున్నదా? ఆపాకు ఈసారి నువ్వే చెప్పు. నేనెప్పటికి ఉంటనా?" చివర ఒక నవ్వు. ఆ మాట ఆమె ఎప్పుడూ అనేదే, మేమెప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు మాత్రం ఆ నవ్వు నన్ను వదలడం లేదు. వద్దనుకుంటూనే రోజూ పెట్టుకుని వింటున్నాను.

నాచారంలో మేము పని చేసే ఫ్యాక్టరీలో చొక్కాలు కుడతాం. అవి ఎక్కడో విదేశీ దుకాణాల్లో వేలాడతాయి, మేము చూడబోయేది లేదు. అక్క కాలర్లు కుట్టేది, పక్క మిషన్ మీద నేను కఫ్‌లు కుట్టేదాన్ని. ఆమె మనుషులను కూడా చొక్కాల లెక్కనే కొలిచేది. ఒక పెద్ద నాయకుడు వచ్చి గేటు దగ్గర గొంతు చించుకుని ప్రసంగించి వెళ్తే, "మనిషి డబుల్ ఎక్సెల్, ముచ్చట స్మాల్" అని నా చెవిలో ఊదింది. నేను నవ్వాపుకోలేక నోట్లో చున్నీ కుక్కుకున్నాను.

షిఫ్టు బెల్లు కొట్టగానే అక్క ఒక చిన్న గుడ్డముక్క తీసి, మిషన్‌లో గుడ్డను నొక్కిపట్టే ఇనుప ఫుట్ కింద పెట్టి, సూదిని దాని మీదికి దించేది. రాత్రంతా సూది వెంట కారే నూనెను ఆ ముక్క పీల్చుకుంటుంది, తెల్లారి కుట్టే మొదటి చొక్కాకు మరక పడదు. కుట్టుపని చేసేవాళ్లంతా చేసేదే అది. కానీ అక్క పెడుతుంటే మాత్రం పిల్లకు దుప్పటి కప్పుతున్నట్టుండేది. "రేపటికి పెడ్తున్న" అని పైకే అనేది. ఎవరితో అనేదో తెలియదు.

ఆపా అంటే బంగ్లాదేశ్‌లో మాలాగే చొక్కాలు కుట్టే ఒకామె. ఆపా అన్నా అక్కే. నగరంలో జరిగిన ఒక కార్మికుల సభకు ఆమె వస్తే, మా అక్క పోయి పక్కన కూర్చుని టిఫిన్ డబ్బా మూత తీసింది. మా అక్కది హైదరాబాద్ హిందీ, ఆమెది సినిమాలు చూసి నేర్చుకున్న హిందీ. తింటూ తింటూ ఆపా తన చూపుడువేలు చాపింది. గోరు మధ్యలో సూది దిగిన మచ్చ ఉంది. అక్క తన వేలు దాని పక్కన పెట్టింది. ఇద్దరూ ఒకే దుకాణం చొక్కాలు కుడుతున్నారని ఆ తర్వాత మాటల్లో బయటపడింది. సభలో తీర్మానాలు బోలెడు చేశారు, నాకు ఒక్కటీ గుర్తు లేదు. ఆ రెండు వేళ్లు గుర్తున్నాయి.

తర్వాత ఫోన్లో మాటలు మొదలయ్యాయి. మా యూనియన్ కుర్రకారుకు హుషారు ఎక్కువ. ఒకసారి వీడియో కాల్‌లో అటువాళ్లంతా చెయ్యెత్తి నవ్వుతుంటే, ఎవరో ఆ స్క్రీన్ ఫోటో తీసి, అంతర్జాతీయ ఐక్యత అని రాసి ఫేస్‌బుక్‌లో పెట్టారు. లైకులే లైకులు. వారం తిరక్కుండా అక్కడి మేనేజ్‌మెంట్ ఆ ఫోటో చూసింది. అందులో నవ్విన ఇద్దరమ్మాయిలను పనిలోంచి తీసేశారు. ఆ కబురు ఆపా చెప్పినప్పుడు అక్క ఎవరినీ తిట్టలేదు. అందరినీ కూర్చోబెట్టి, "మనకు గేటు బయట పోలీసోడుంటే, వాళ్లకు గేటు లోపల్నే ఉంటడు. మనకేది నడుస్తదో గది వాళ్లకు నడుస్తదనుకోవద్దు. ముందు అడగాలె" అంది.

అప్పటినుంచి ముఖాలు బంద్. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు చేతుల ఫోటోలే వెళ్లాయి. కత్తెర పట్టుకున్న చేయి, గోరింటాకు పెట్టుకున్న చేయి, సూది దిగి కట్టు కట్టిన వేలు. ఒకరోజు ఆపా పంపిన ఫోటోలో ఖాళీ మిషన్, దాని ఫుట్ కింద గుడ్డముక్క. అక్క దాన్ని మా కుట్టు లైన్ మొత్తానికి తిప్పి చూపించింది. "సూడున్రి, వాళ్లు గూడ పెడ్తరు!" అంటూ చిన్నపిల్లలా సంబరపడింది. ఆ ఆడవాళ్ల ముఖాలు నాకు ఇప్పటికీ తెలియవు. చేతులు మాత్రం కలలోకి వస్తాయి.

కొత్తగా యూనియన్‌లోకి వచ్చిన నాలాంటివాళ్లకు అక్క నేర్పిన పాఠాలన్నీ ఇలాంటివే. మన బాధ చెప్పుకోవడానికే ఫోన్ చెయ్యొద్దు, వాళ్లు గెలిచినప్పుడు కూడా చెయ్యాలి అనేది. మాట చిన్నదే ఇవ్వాలి, ఇచ్చాక నిలబెట్టాలి అనేది.

పోయిన నెలలో అక్కడ సమ్మె మొదలైంది. తీసేసిన ఆ ఇద్దరమ్మాయిలను వెనక్కి తీసుకోవాలని, జీతం పెంచాలని. ఆపా ఒక గళ్ల చొక్కా ఫోటో పంపి, "ఇది మీ దగ్గరికి వస్తే చెప్పండి" అంది. కొద్దిరోజులకే అదే గళ్ల గుడ్డ మా కటింగ్ టేబుల్ మీద పరుచుకుంది. వాళ్లు ఆపిన పనిని మా చేత చేయించడానికి షిఫ్టు అయ్యాక ఓటీ, అంటే ఓవర్‌టైం, మొదలుపెడుతున్నారని అర్థమైంది. మేము ఓటీ చేస్తే వాళ్ల సమ్మె విరిగిపోతుంది.

అన్నం తినే చోట అక్క ఈ సంగతి చెప్పింది. లాలాపేట్ నుంచి పనికి వచ్చే, మేమంతా వదిన అని పిలిచే ఆమె ఊరుకోలేదు. "మనిల్లు గడవాలె గదక్కా. వాళ్లెవరో, మనమెవరో" అంది. అందులో తప్పేముంది? అందరి మనసులో ఉన్నదే ఆమె అంది.

అక్క ముద్ద కలుపుతూనే జవాబు చెప్పింది. "కొన్నేండ్ల కింద మనం గూడ సమ్మె జేసినం. ఓడినం. మనం ఆపిన కాలర్లు ఇంకేడనో ఎవరో కుట్టిన్రు. ఎవరు కుట్టిన్రో నాకిప్పటికి తెల్వదు. నిద్ర పట్టకపోతే గా చేతులే కనవడ్తయి నాకు. వాళ్ల తప్పు లేదు, వాళ్లకెవ్వరు చెప్పలే. ఇప్పుడు మనకు చెప్పిన్రు."

చివరికి అందరం ఒక మాట మీదికి వచ్చాం. షిఫ్టు పని చేద్దాం, ఓటీకి మాత్రం కూర్చోవద్దు అనుకున్నాం. ఆ చిన్న మాటే అక్క ఆపాకు ఇచ్చింది. సోమవారం నుంచి అని చెప్పింది. ఆ సోమవారాన్ని ఆమె చూడలేదు.

ఆదివారం సాయంత్రం సమాధుల తోటలో పాటలు పాడి అక్కను సాగనంపాం. తెల్లారి లైన్‌లోకి వస్తే ఆమె మిషన్ మీద దండ వేసిన ఫోటో ఉంది. సూపర్‌వైజర్ దండం పెట్టి, కళ్లు తుడుచుకుని, అదే గొంతుతో, "ఇయ్యాల ఓటీ ఉంటది. బిర్యానీ తెప్పిస్తున్నం. అక్క ఉన్నా కాదనకపోవు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఏడుపు కూడా వచ్చింది, ఏది ముందో చెప్పలేను.

సాయంత్రం బెల్లు కొట్టింది. ఎవరూ లేవలేదు. ఎప్పుడూ ముందు లేచే మనిషి లేదు కదా. మిషన్లు నడుస్తూనే ఉన్నాయి. నా కాళ్లు కూడా పెడల్ మీదే ఉన్నాయి. బిర్యానీ వాసన అప్పుడే లోపలికి వస్తోంది. అప్పుడు నా కుడిపక్క ఫుట్ దించిన చప్పుడు 'టక్'మని వినిపించింది. ఒట్టు, వినిపించింది. తిరిగి చూస్తే ఆమె స్టూలు ఖాళీగా ఉంది. ఫోటో కింద, శనివారం పెట్టిన గుడ్డముక్క సూది కిందే ఉంది.

కోసిపారేసిన గుడ్డలోంచి నేనూ ఒక ముక్క తీసి నా మిషన్‌కు పెట్టాను. ఫుట్ కొంచెం గట్టిగానే పడింది. లేచి నిలబడ్డాను. వెనక్కి చూడటానికి భయమేసింది. ఎంతసేపటికో, వెనక ఎక్కడో ఒక టక్. లాలాపేట్ వదిన గొంతు, "నడువున్రే, బస్సు పోతది" అంది. ఆ తర్వాత వరసగా, ఒకటి తర్వాత ఒకటి. ఆఖరి మిషన్ కూడా ఆగాక హాల్లో ఫ్యాన్ల చప్పుడు మాత్రమే మిగిలింది. అక్క వినాల్సిన నిశ్శబ్దం అది.

గేటు బయటికి వచ్చి ఆపాకు నేనే చెప్పాను. రెండు మాటలూ ఒకే మెసేజ్‌లో చెప్పాల్సి వచ్చింది. అక్క లేదు, లైన్ లేచింది. చాలాసేపటికి ఆమె గొంతు వచ్చింది. కాసేపు ఏడుపే ఉంది. తర్వాత, "మా హాలుకు తాళం వేశారు చెల్లీ. సమ్మె రోజు మేం పెట్టిన గుడ్డముక్కలు అన్ని మిషన్ల కిందా అలాగే ఉన్నాయి" అంది.

ఇది రాసే రోజుకు ఆ తాళం తీయలేదు. మేము బెల్లుకు లేస్తూనే ఉన్నాం. అక్క మిషన్ మీద ఇంకా ఎవరినీ కూర్చోబెట్టలేదు. దండ వాడితే తీసేశారు. గుడ్డముక్క తీయడానికి మాత్రం ఎవరికీ చెయ్యి రావడం లేదు. సూది దాని మీద దిగి ఉంది, నూనె మరక చుట్టూ కొంచెం కొంచెంగా పెరుగుతోంది.