కొబ్బరినీళ్ళు తాగిన గడ్డి మిషన్

ఇంటి మగాడు బొగ్గుబాయిలో చనిపోతే ఆ ఇంట్లో ఒకరికి కంపెనీ నౌకరి ఇవ్వడం మా కాలనీల్లో ఉన్న పద్ధతి. ఆ ఒకరు ఎవరన్నదే గొడవ. చాలా ఇళ్ళల్లో భార్య సంతకం పెట్టి ఆ నౌకరిని మరిదికి వదిలేసేది. తర్వాత ఆ మరిది పెట్టే నాలుగు ముద్దలు తింటూ ఓ మూల పడి ఉండేది. ఎనభైల మొదట్లో మా ఆయన బాయిలో పైకప్పు కూలి చనిపోయినప్పుడు మా అత్త కూడా అదే అడిగింది.

"చిన్నోనికి రాసియ్యి పిల్లా. ఆడు నిన్ను సూసుకుంటడు" అంది.

ఆ చిన్నోడు పెళ్ళాం గొంతు పెంచితే మంచం కిందకు దూరే రకం. వాడు నన్ను చూసుకోవడమా! నాకు ఒళ్ళు మండింది. పదో తరగతి చదివినదాన్ని, కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి, పిల్లా జెల్లా లేరు. నా నౌకరి నేనే చేసుకుంటానన్నాను. ఆ రోజు నుంచి అత్త నాతో మాట మానేసింది. పంపు దగ్గర ఎదురుపడితే ఖాళీ బిందెతో వెనక్కి తిరిగిపోయేది. దమ్మపేట నుంచి మా అన్నలు వచ్చి, "అత్తగారి మాట వింటే పోయేదేముంది" అని నాకు నాలుగు నీతులు చెప్పి, భోజనం చేసి వెళ్ళారు. మళ్ళీ రాలేదు. దాంతో నా క్వార్టర్‌లో నేనూ, గోడ మీద ఆయన ఫోటో మిగిలాం.

నన్ను గెస్ట్‌హౌస్‌లో మాలీ పనికి వేశారు. కాలనీ చివర, టేకు అడవి మొదలయ్యే చోట ఉండేది అది. భద్రాచలం దర్శనానికి వచ్చే పెద్ద ఆఫీసర్లందరూ అక్కడే దిగేవాళ్ళు. ముందు పెద్ద లాన్, ఆ లాన్‌కు ఒక పెట్రోలు గడ్డి మిషన్. తాడు లాగి స్టార్ట్ చేసి, వెనక నడుస్తూ తోసుకుపోవాలి. అప్పటిదాకా దాన్ని నడిపింది ఓ ముసలి మాలీ. ఆయన్ను అందరూ తాత అనేవాళ్ళు. ఆ దసరా దాటాక ఆయన రిటైర్ అవుతాడు.

మొదటి రోజే గెస్ట్‌హౌస్ ఇన్‌ఛార్జి నాకు విషయం తేల్చి చెప్పాడు. "నీది ఇంకా టెంపరరీ నౌకరే. తాత పోయేలోపల మిషన్ నీ చేతికి రావాలె. వస్తే పక్కా చేయిస్త. రాకుంటే అన్‌ఫిట్ అని రాస్త. నీ మరిది దరఖాస్తు ఆఫీసుల ఉండనే ఉన్నది."

అంటే నేను ఆ మిషన్‌తో ఓడిపోతే చాలు, అత్త అడిగింది అత్తకు దక్కుతుంది. ఇంక ఓడిపోతానా?

తాతకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. నాకూ తక్కువేం కాదు. మొదట్లో ఇద్దరం రోజూ పోట్లాడుకునేవాళ్ళం. నేను వెళ్ళి తాడు పట్టుకోబోతే చేతి మీద ఒక్కటి వేశాడు. "ముందుగాల మిషన్ గాదు, నేలను సూడు" అన్నాడు. లాన్ అంతా అడుగడుగూ తిరిగి, రాత్రి పార్టీలో ఆఫీసర్లు పారేసిన కోడి ఎముకలూ, సోడా మూతలూ, గాజుపెంకులూ, చెట్ల నుంచి రాలిన ఎండుకొమ్మలూ అన్నీ ఏరించాడు. బ్లేడుకు గులకరాయి తగిలితే ఎటు ఎగురుతుందో తెలియదు. తాత పంచె పైకి లాగి మోకాలి కింద గుంట చూపించాడు. ఆ తర్వాత నేను ఏరడంలో ఎప్పుడూ బద్ధకించలేదు.

చీరతో ఆ పని చేయడం మరో బాధ. కుచ్చిళ్ళు పైకి దోపి, కొంగు నడుముకు రెండు చుట్లు బిగించేదాన్ని. ఆడవాళ్ళ కాళ్ళకు సరిపడే బూట్లు స్టోర్‌లో లేవు. మా ఆయన బాయికి వేసుకుపోయే బూట్లలో ముందు గుడ్డలు కుక్కి వేసుకునేదాన్ని. వాటితో నడుస్తుంటే టకటకమని చప్పుడు. వంటవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వనీ. చెప్పులు వేసుకొని గడ్డి కోసి, వేళ్ళు పోగొట్టుకున్న మనిషిని తాత చూశాడట.

మంచు ఆరేదాకా గడ్డి జోలికి పోనిచ్చేవాడు కాదు. తడి గడ్డి ముద్దలు ముద్దలుగా బ్లేడుకు చుట్టుకుంటుంది, కాలు కూడా జారుతుంది. వెనకవైపు నేల కాలువలోకి వాలి ఉండేది. అక్కడ కిందికీ పైకీ తోయకుండా, వాలుకు అడ్డంగా తోయాలి. ఎక్కడైనా సరే, నడుస్తున్న మిషన్‌ను నీ వైపు లాక్కోకూడదు. ఇంజను చల్లారాకే పెట్రోలు పోయాలి. బ్లేడు దగ్గరకు చెయ్యి పోవాలంటే ముందు ప్లగ్గు వైరు పీకి పక్కన పెట్టాలి. ఇప్పటి మిషన్లు హ్యాండిల్ వదిలితే వాటంతట అవే ఆగుతాయట. మాది ఆగేది కాదు, మనమే ఆపాలి. ఎవరన్నా దగ్గరకు వస్తున్నారంటే ఆపేయాలి.

ఎత్తు తగ్గించి, మొదలంటా కోస్తే పని తొందరగా అయిపోతుందని ఒకరోజు అలాగే చేశాను. తాత నెత్తి కొట్టుకున్నాడు. "ఓరి దేవుడా! గుండు గీసినవేందే? నేను క్రాపు గొట్టమన్న!" అని లాన్ మధ్యలో కూలబడ్డాడు. అక్కడ గడ్డి ఎర్రగా మాడిపోయి, మళ్ళీ పచ్చబడేసరికి వానలు పడ్డాయి. కొనలు మాత్రమే కోయాలనీ, ఎండాకాలం ఇంకా ఎత్తుగా వదలాలనీ అప్పుడు తెలిసింది.

చెప్పుకోవడానికి సిగ్గేం లేదు, నాకు ఆ మిషన్ చప్పుడు ఇష్టంగా ఉండేది. అది నడుస్తుంటే ఎవరూ దగ్గరకు రారు. నేను గట్టిగా మా ఆయనతో మాట్లాడేదాన్ని, తిట్టేదాన్ని, ఏడ్చేదాన్ని. "ఆ రోజు సెలవు పెట్టమంటే పెట్టినవా?" అని అరిచేదాన్ని. ఇంజను మోతలో ఏదీ వినబడేది కాదు. ఆపేశాక మాత్రం చెవుల్లో గుయ్యిమనేది. ఆ తర్వాత ఇంటికి పోయి తాళం తీస్తే, పలకరించే దిక్కు ఉండేది కాదు. కొన్ని రోజులు నా గొంతు నేను మిషన్ దగ్గర తప్ప ఎక్కడా వినలేదు.

దసరా వచ్చింది. మా దగ్గర ఆయుధపూజ అంటే బాయిలో మోటార్ల నుంచి ఇంట్లో కత్తిపీట దాకా అన్నిటికీ బొట్టు పెట్టాల్సిందే. తాతకు అది ఆఖరి పూజ. మిషన్‌ను కడిగి, పసుపు పూసి, కుంకుమ దిద్ది, బంతిపూల దండ ఇంజను చుట్టూ చుట్టాడు. నేను హారతి పళ్ళెం పట్టుకొని ముందుకు వస్తే, "నువ్వు జర ఎడంగ నిలవడు బిడ్డా" అన్నాడు. నాకు బొట్టు లేదు కదా మరి! రోజూ దాని మసి తుడిచే చేతులు ఆ ఒక్కరోజు పనికిరాకుండా పోయాయి. పళ్ళెం అక్కడే పెట్టి షెడ్డు బయటకు పోయి నిలబడ్డాను. కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తాత కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు ఇంజను నెత్తిన పోస్తూ, "ఇన్నేండ్లు నాకు అన్నం పెట్టినవ్ తల్లీ, కడుపు సల్లగుండ" అన్నాడు. ఇంకో కాయ కూడా కొట్టి పోశాడు. ప్రేమతోనే పోశాడు, కాదనను.

పండగ మర్నాడు హెడ్డాఫీసు నుంచి ఆఫీసర్లు వస్తున్నారు. పొద్దున్నే తాడు లాగితే మిషన్ ఉలకదు, పలకదు. తాత లాగాడు, డ్రైవర్ లాగాడు. ఇన్‌ఛార్జి వచ్చి నా వైపు చూశాడు. ఎవరు మొదలుపెట్టారో గానీ మాట షెడ్డంతా పాకింది. పూజ రోజు ముండమోపి చెయ్యి పడ్డదట, అందుకే ఆగిందట. తాత ఆ మాట అనలేదు, కానీ కాదని కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

"సాయంత్రందాక సూస్త. నడవకుంటే నేను రాసేది రాస్త" అని ఇన్‌ఛార్జి వెళ్ళిపోయాడు.

అందరినీ పొమ్మన్నాను. మర్యాదగా కాదు, అరిచే చెప్పాను. వాళ్ళు పోయాక మిషన్ పక్కన కూలబడితే, ఇంజను పక్కనున్న చిన్న డబ్బాలోకి చీమల బారు పోతూ కనిపించింది. పెట్రోలు వాసన ఉన్నచోటికి చీమలెందుకు వస్తాయి? తీపి ఉంటే వస్తాయి. ప్లగ్గు వైరు పీకేసి, ఆ డబ్బా మూత తీశాను. ఇంజను గాలి పీల్చుకునే స్పాంజి అందులో ఉంటుంది. అది కొబ్బరినీళ్ళలో నానిపోయి, పులిసి, పసుపు ముద్దలా ఉంది. ముక్కు మూసుకొని ఊపిరి పీల్చమంటే ఎవరు మాత్రం పీలుస్తారు?

స్పాంజిని సబ్బునీళ్ళలో పిండి ఎండలో ఆరేశాను. ప్లగ్గు విప్పి తుడిచి, టాంకులో పెట్రోలు పారబోసి కొత్తది పోశాను. ఫ్యానులో చిక్కుకున్న బంతిరేకులు ఒక్కొక్కటీ పీకాను. అన్నీ బిగించి తాడు లాగితే, కాసేపు దగ్గి, తెల్లపొగ కక్కి, చివరికి అందుకుంది. అందరూ పరుగెత్తుకొచ్చారు.

"సూసినవా, అమ్మవారు కరుణించింది" అన్నాడు తాత.

"కొబ్బరినీళ్ళు తాపిందెవరు తాతా?" అన్నాను.

"దేవునికి పోసిన నీళ్ళు సెడుపు జేస్తయా ఏంది?" అని నా మీదే కసిరాడు. ఆయనతో ఏం వాదిస్తాం!

చీకటి పడేలోపు లాన్ మొత్తం కోశాను. ఆఫీసర్లు వచ్చారు, లోపలికి పోయారు, గడ్డి వైపు ఒక్కరూ చూడలేదు. అయినా తాత వెళ్ళిపోయిన కొన్నాళ్ళకు నా నౌకరి పక్కా అయింది. ఇన్‌ఛార్జి నవ్వుతూ మిఠాయి ఏదన్నాడు. లడ్డూలు కొని అందరికీ పంచాను. కొన్ని మిగిలాయి. అంత పెద్ద మాట చెప్పుకోవడానికి నాకంటూ ఒక గడప కావాలి కదా. ఎంత ఆలోచించినా అత్త గడప తప్ప ఇంకోటి తట్టలేదు.

వాకిట్లో బియ్యం చెరుగుతోంది. "అత్తా, నా నౌకరి పక్కా అయింది" అని పొట్లం చాపాను. తిడితే ఏమనాలో దారి పొడవునా సిద్ధం చేసుకునే వచ్చాను. ఆమె తిట్టలేదు. పొట్లం అందుకుని విప్పి, ఒక లడ్డూ చేతిలోకి తీసుకుంది.

"ఇది నా కొడుకు పోతే వచ్చిన నౌకరి. దీని మిఠాయి నేనెట్ల తినాలె?" అంది.

నా నోరు ఊరుకోదు కదా. "మరిదికి వస్తే తినకపోదువా?" అన్నాను.

"ఆనికొచ్చినా తినేదాన్ని కాదే" అంది. లడ్డూను మళ్ళీ పొట్లంలో పెట్టి, నా చేతికి ఇచ్చి, కొంగుతో మొహం కప్పుకుంది.

ఆమె పక్కన కూర్చోవాలని నాకు ప్రాణం కొట్టుకుపోయింది. కూర్చోనా అని నేను అడగలేదు, కూర్చోమని ఆమె అనలేదు. అప్పటికి మరిది నవ్వుతున్నాడు, మా అన్నలు మరిచిపోయారు. మా ఆయన కోసం ఇంకా ఏడుస్తున్నది ఈ భూమ్మీద మేమిద్దరమే. ఆమె బతికున్నన్నాళ్ళూ ఎవరింట్లో వాళ్ళం కూర్చుని ఏడ్చుకున్నాం.