కాళ్ళు వదలని కుర్చీకి పన్నెండు ఫోటోలు

మా ఆఫీసు నాలుగు అంతస్తుల్లోంచి ఒక్క అంతస్తులోకి కుదించుకుపోయిన ఏడాది నాకు చీటీలో మసాజ్ కుర్చీ తగిలింది. అందరూ ఇళ్ళ నుంచే పని చేయడానికి అలవాటు పడ్డాక, రాయదుర్గం వైపు అద్దాల భవనంలో అంత చోటెందుకని యాజమాన్యానికి జ్ఞానోదయమైంది. బల్లలూ కాఫీ యంత్రాలూ ఎటు పోయాయో తెలియదు. విశ్రాంతి గదిలోని మసాజ్ కుర్చీకి మాత్రం ఉద్యోగుల పేర్లు రాసి చీటీలు తీశారు. ఆ ఆఫీసులో ఏడేళ్ళు పనిచేశాను గానీ ఆ కుర్చీలో ఒక్కసారి కూర్చున్న పాపాన పోలేదు. ఎప్పుడు వెళ్ళినా ఎవరో ఒక మేనేజరు అందులో కళ్ళు మూసి, నోరు తెరిచి, మా అందరి ఒత్తిడీ తానొక్కడే మోస్తున్నట్టు వణుకుతూ కనిపించేవాడు.

మదీనాగూడలో మాది మూడో అంతస్తులో రెండు పడకగదుల ఫ్లాటు. ఉండేది ముగ్గురం, నేను, మా ఆయన, మా అత్తగారు. మా ఆయనది ప్రభుత్వోద్యోగం. ఫైలు ఎందుకు కదలదో చెప్పే కారణాలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. మా అత్తగారు కాకినాడ మనిషి. కుర్చీ లిఫ్టులో పట్టక నలుగురు మనుషులు మెట్ల మీదుగా మోసుకొచ్చి హాల్లో దించగానే ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "దీనికి మేత ఏం పెట్టాలమ్మా?" అని అడిగారు.

రెండో రోజే దాని జబ్బు బయటపడింది. పావుగంట వీపునీ నడుమునీ పిసికి అన్నిటినీ వదిలేస్తుంది, పిక్కల్ని తప్ప. పిక్కల దగ్గరి గాలి సంచులు బిగుసుకుని ఉండిపోతాయి. వెనకాల ఉన్న ప్లగ్గు పీకి ఐదు నిమిషాలు ఆగితే గానీ గాలి దిగదు. ఇరుక్కున్న మనిషికి ఆ ప్లగ్గు అందదు. అంటే ఆ కుర్చీలో హాయిగా కూర్చోవాలంటే ఇంట్లో ఇంకో మనిషి ఉండాలి. దానికి తోడు కుడి చేతి దగ్గర రెక్సిన్ అరచేయంత మేర లేచిపోయింది. పదోన్నతి రాని మేనేజరు ఎవరో ఏళ్ళ తరబడి గోకి ఉంటాడని నా అనుమానం.

ఎనిమిది నెలలు అది మా హాల్లోనే ఉంది. ఉతికిన బట్టలు దాని మీద పడేసేవాళ్ళం. వారానికి రెండు రోజులు మాత్రం నేను ఆఫీసుకి వెళ్ళాలి. అలాంటి ఒక మధ్యాహ్నం నేను మా ఆఫీసులో, మా ఆయన తన ఆఫీసులో ఉండగా మా అత్తగారికి ఎందుకు బుద్ధి పుట్టిందో, కూర్చున్నారు. నేను వచ్చేసరికి గంటన్నరగా అందులోనే ఉన్నారు. టీవీ రిమోట్ అందక వ్యవసాయ కార్యక్రమం మొత్తం చూశారు. మిరపలో బొబ్బర తెగులు గురించి ఇప్పటికీ మా ఇంట్లో ఎవరికైనా సందేహం వస్తే ఆవిడనే అడగాలి. ప్లగ్గు పీకాక లేచి నిలబడి, "ఇదైనా ఇంట్లో ఉండాలి, నేనైనా ఉండాలి. మీరే తేల్చుకోండి," అన్నారు. ఆ క్షణంలో నాకు కుర్చీ మీద ఎన్నడూ లేని అభిమానం కలిగిన మాట దాచను.

అమ్మేద్దామని తేల్చుకున్నాం. ఆన్‌లైన్‌లో వేలం వేసే యాప్ ఒకటి ఉందని తెలుసుకుని, ఫోటో బాధ్యత మా ఆయనకు అప్పగించాను. ఆయన ఒక్క ఫోటో తీశారు. కుర్చీ మీద తువ్వాలు అలాగే ఉంది, పక్కన మా అత్తగారి చెప్పు ఒకటి ఉంది. వెనకాల ఆపేసిన టీవీ నల్లటి తెరలో, లుంగీ కట్టుకుని ఫోన్ ఎత్తిపట్టుకున్న మా ఆయన నిలువెత్తు ప్రతిబింబం ఉంది. ఆ ఒక్క ఫోటోతో వారం రోజుల వేలం నడిచింది. ఒక్కరూ పాడలేదు. వచ్చినవి ప్రశ్నలు మాత్రమే. వెనకవైపు ఎలా ఉంది, రిమోట్ ఉందా, పక్క నుంచి చూపిస్తారా. ఒకడైతే, టీవీలో ఉన్న లుంగీ అంకుల్ కుర్చీతో పాటే వస్తారా లేక విడిగా కొనుక్కోవాలా అని అడిగాడు.

"వీడి మీద కంప్లైంట్ పెట్టొచ్చా?" అన్నారు మా ఆయన.

"ముందు ఆ లుంగీ మార్చండి," అన్నాను.

నిజానికి సిగ్గుపడాల్సింది నేను. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. తప్పు ఎక్కడుందో తెరను ఫోటో తీసి పంపకపోతే ప్రోగ్రాం రాసినవాళ్ళు ఒప్పుకోరు. నాలుగు వైపుల నుంచీ నాలుగు ఫోటోలు పెడితే అప్పుడు, "మా దగ్గర బాగానే పనిచేస్తోందే," అని గొణిగి ఒప్పుకుంటారు. పదిహేనేళ్ళుగా ఆ పని చేసి తింటున్నదాన్ని ఒక్క ఫోటోతో కుర్చీ అమ్ముడుపోతుందని ఎలా అనుకున్నానో. వేలాన్ని మళ్ళీ పెట్టుకోండి, పన్నెండు ఫోటోల దాకా పెట్టుకోవచ్చు అని యాప్ చెప్పింది. పన్నెండూ పెడతానని నిర్ణయించుకున్నాను.

మా హాల్లోకి ఎండ వచ్చేది పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది దాకా మాత్రమే, అదీ బాల్కనీ వైపు నుంచి. ఆదివారం ఆ గంటలోనే పని కానివ్వాలని అందరినీ హాల్లో నిలబెట్టాను. అందరూ అంటే మేం ముగ్గురం, మా ఇంట్లో పనిచేసే అక్క. ఆమెది నారాయణపేట వైపు పల్లె. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది. మా అపార్టుమెంటులోనే నాలుగిళ్ళలో పనిచేస్తుంది. మా అత్తగారి పాత దుప్పటి ఒకటి వెనకాల తెరలా పట్టుకోవాలని ఏర్పాటు. ఒక కొస అక్క, ఇంకో కొస మా ఆయన పట్టుకున్నారు. మా అత్తగారు సోఫాలో కూర్చుని ఎవరు ఎలా పట్టుకోవాలో చెబుతున్నారు.

ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, రెండు పక్కల నుంచి రెండు, వెనక్కి వాల్చి ఒకటి తీశాను. రిమోట్‌కి రెండు, చక్రాలకి రెండు ఫోటోలు తీశాను. వెనకాల ప్లగ్గు పక్కన కంపెనీ వివరాలున్న చిన్న రేకు ఒకటి ఉంటే, అక్క దాని మీది దుమ్ము కొంగుతో తుడిచింది. "దాన్నెవడు చదువుతాడు?" అన్నారు మా ఆయన. పన్నెండు నింపాలి కదా అని అదీ తీశాను. ఇక చిరిగిన చెయ్యి దగ్గరికి వచ్చేసరికి ఆయన దుప్పటి వదిలేసి, సోఫా మీది దిండు తెచ్చి చిరుగు కనిపించకుండా అందంగా పెట్టారు.

"ఇది మోసం కదండీ," అన్నాను.

"మనం అబద్ధం చెప్పట్లేదు. చెప్పట్లేదంతే. రెండిటికీ చాలా తేడా ఉంది," అన్నారు, ముప్ఫై ఏళ్ళ సర్వీసు అనుభవం ఉన్నవాడిలా. ఆయన సర్వీసు పన్నెండేళ్ళే.

అప్పుడు దుప్పటి కొస పట్టుకునే అక్క అంది. "చినిగింది గూడ తియ్యున్రి మేడం. అది పెట్టకుంట ఏం పెడ్తరు?"

"చూస్తే ఎవరూ కొనరక్కా."

"కొన్నాక చూస్తే ఏమంటరు? నా పెండ్లి గట్లనే అయింది." దుప్పటి భుజం మీద వేసుకుని నింపాదిగా చెప్పింది. "మా ఇంటికి ఒక్క ఫోటో అంపిన్రు. స్కూటర్ పక్కకు నిలబడి, కోటు ఏసుకొని, నెత్తి నిండ జుట్టుతోని మంచిగున్నడు. మా నాయిన సూసి సరే అన్నడు. పీటల మీద తలపాగ తీసినంక సూస్తి, నెత్తి మీద ఏం లేదు. స్కూటర్ స్టూడియోది, కోటు స్టూడియోది, జుట్టు పదేండ్ల కిందటిది."

మా ఆయన అసంకల్పితంగా తన నెత్తి తడుముకున్నారు.

"మనిషి మంచోడే మేడం, అబద్ధం ఎందుకు. జుట్టు లేదంటే నేను ఒద్దంటుంటినా? కాని గప్పటి సంది ఏందంటే, ఆయన ఏం జెప్పినా దాని ఎన్కకు ఏమున్నదో అని సూస్త. ఇరవై రెండేండ్లయింది. ఇయ్యాల గుడ సూస్త. జీతమొచ్చింది అన్నా సూస్త, జెరమొచ్చింది అన్నా సూస్త."

సోఫాలోంచి మా అత్తగారు గొంతు సవరించుకున్నారు.

"మా ఇంట్లో వాళ్ళయితే నా ఫోటోకి రంగు వేయించారు," అన్నారు. "అప్పట్లో నలుపూ తెలుపూ కదా. స్టూడియో అతను బ్రష్షుతో నన్ను తెల్లగా చేసేశాడు, చెంపలకి గులాబీ రంగు కూడానూ. మీ మామగారు పెళ్ళిచూపులకి వచ్చి నన్ను చూసి, మీ అక్కయ్య ఎక్కడండీ అన్నారు."

"ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదే," అన్నారు మా ఆయన.

"నువ్వెప్పుడైనా అడిగావా?"

అక్క నవ్వి నవ్వి దుప్పటి జార్చేసింది. మా అత్తగారు కూడా నవ్వారు. నా పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆవిడ పళ్ళన్నీ కనిపించేలా నవ్వడం నేను అప్పటిదాకా చూడలేదు. దిండు తీసేసి చిరుగును దగ్గరగా ఫోటో తీశాను. ఎంత పెద్దదో తెలియడానికి అక్క తన అరచెయ్యి పక్కన పెట్టింది.

మిగిలింది పిక్కల జబ్బు. దాన్ని ఖాళీ కుర్చీలో చూపించలేం, ఎవరో ఒకరు ఇరుక్కోవాలి. మా అత్తగారు అప్పటికే వంటింట్లోకి వెళ్ళిపోయారు. మా ఆయన లుంగీ మార్చుకోవాలన్నారు. "నేను కూసుంట," అంది అక్క. "మొకం మాత్రం తియ్యకున్రి."

రోజూ ఆ కుర్చీని ఆమే తుడిచేది. ఎనిమిది నెలల్లో ఒక్కసారైనా కూర్చోమని నేను అనలేదన్న సంగతి, ఆమె చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ కొస మీద కూర్చున్నప్పుడు తెలిసింది. ఆఫీసులో మేనేజర్ల గురించి ఎన్ని మాటలన్నానో అప్పుడే గుర్తుకొచ్చింది. "వెనక్కి వాలు అక్కా," అన్నాను. స్విచ్ వేశాను. మొదట భయపడి రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. కాసేపటికి వేళ్ళు వదులయ్యాయి. తర్వాత కళ్ళు మూసుకుంది. పావుగంటకి మిషను ఆగింది, పిక్కలు బిగుసుకున్నాయి. మెట్టెలతో సహా ఆమె పాదాలు, బిగిసిన సంచులూ కనిపించేలా ఫోటో తీశాను. బాగా వచ్చింది. ప్లగ్గు పీకబోతుంటే ఆమె కళ్ళు తెరవకుండానే చెయ్యెత్తింది.

"ఉండనియ్యున్రి జర."

"నాలుగో అంతస్తుకి వెళ్ళాలన్నావు కదా?"

"పోవాలె. మరి మిషన్ ఇడుస్తలేదు గదా, నేనేం జెయ్యాలె?"

అంతలో ఆమె ఫోన్ మోగింది. నాలుగో అంతస్తు ఆవిడే. అక్క ఫోన్ చెవికి ఆనించుకుని, "వస్తున్న మేడం, కాళ్ళు మిషన్ల ఇరుక్కున్నయి," అంది. అవతల నుంచి కంగారుగా ఏదో వినిపించింది. "నొప్పేం లేదు, ఫికర్ చెయ్యకున్రి," అని పెట్టేసింది. ఇంకో ఇరవై నిమిషాలు ఆ కాళ్ళు అక్కడే ఉన్నాయి. మా అత్తగారు వంటింట్లోంచి కాఫీ తెచ్చి ఆమె చేతికిచ్చి, పక్కన స్టూలు మీద కూర్చున్నారు.

ఆ సాయంత్రం పన్నెండు ఫోటోలూ పెట్టి, కింద చిరుగు సంగతీ పిక్కల సంగతీ ఉన్నదున్నట్టు రాశాను. మా నిజాయితీకి నగరం చలించిపోతుందని నాకు లోలోపల ఆశ ఉండేది. ముగ్గురు పాడారు. ఐదో రోజు దాకా ఇద్దరు పోటీ పడ్డారు. గెలిచినాయన బాలానగర్‌లో మోటార్లు బాగుచేసే షెడ్డు ఉన్న పెద్దమనిషి. ఇద్దరు కూలీల్నీ ట్రాలీ ఆటోనూ తీసుకుని ఆయనే వచ్చాడు. కుర్చీ ముందుకు కూడా రాకుండా నేరుగా వెనక్కి వెళ్ళి, మోకాళ్ళ మీద వంగి రేకు చదివాడు.

"చిరుగు ఫోటోలో చూశారు కదా?" అన్నాను.

"చినుగుడా? సూడలే బిడ్డా."

"కాళ్ళు పట్టుకుంటుందని రాశాం, ఫోటో కూడా పెట్టాం."

"నేను ఈ రేకు ఒక్కటే సూసిన. మిగతాయి ఎందుకు? దీంట్ల మూడు మంచి మోటార్లుంటయి. ఇవి ఇప్పుడు దొర్కుతలేవు. అయి తీసుకొని మిగతాది పారేస్త."

మా ఆయన నా వైపు చూడకుండా ఉండటానికి చాలా శ్రమపడ్డారు. మా అత్తగారికి మాత్రం కోపం వచ్చింది. "పారేస్తారా? ఇంత వస్తువునా? నేను గంటన్నర కూర్చున్నానండి అందులో," అన్నారు, అదేదో యాత్ర చేసొచ్చినట్టు. పెద్దమనిషి నిలబడి, మోకాళ్ళు దులుపుకుని, "అయితే ఆ రెక్సిన్ మీకు గావాల్నా అమ్మా? ఇప్పినంక ఉంచుత," అని మర్యాదగా అడిగాడు. మా ఆయనా నేనూ ఒకేసారి అక్కర్లేదన్నాం. ఆవిడ ఆయన ఫోన్ నంబరు క్యాలెండరు మీద రాయించుకున్నారు.

మరుసటి బుధవారం నేను ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం తెలిసింది, మా అత్తగారు, అక్క ఇద్దరూ ఆటో మాట్లాడుకుని బాలానగర్ వెళ్ళారట. పోయి రావడానికి గంటన్నర చాలు. వాళ్ళకి ఐదు గంటలు పట్టింది. నాలుగో అంతస్తు ఆవిడ అప్పటికే నాకు మూడుసార్లు ఫోన్ చేసింది. మధ్యలో ఎక్కడికెళ్ళారని అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, మోటార్లు ఎలా విప్పుతారో చూశామన్నారు. ఇద్దరి దగ్గరా మిరపకాయ బజ్జీల వాసన వస్తోంది.

గోనె సంచి నిండా రెక్సిన్ తెచ్చారు. చిరిగిన ముక్క కత్తిరించి పారేసి, వారం రోజులు మా అత్తగారు కుట్టు మిషను మీద కూర్చున్నారు. అక్క రోజూ పని అయ్యాక అరగంట ఆగి, ముక్కలు కొలిచి ఇచ్చేది. ఇప్పుడు మా గ్యాస్ సిలిండరుకి నల్లటి నిగనిగలాడే చొక్కా ఉంది. అక్క టిఫిన్ డబ్బా పెట్టుకునే సంచికి రెండు జిప్పులున్నాయి. మా ఆయన ఫైళ్ళ కోసం కుట్టిన సంచి కొంచెం వంకరగా వచ్చింది. ఆయన దాన్ని రోజూ ఆఫీసుకి తీసుకెళ్తున్నారు, ఎవరైనా అడిగితే ఇంపోర్టెడ్ అంటున్నారు.