పదివేల ఒకటి

పదివేల ఒకటిని ఏ సంఖ్యా భాగించలేదని నాకు చెప్పింది మా లెక్కల మాస్టారే. "పెళ్లి చదివింపుల్లో పక్కన ఒకటి ఎందుకు కలుపుతారే? విడిపోకూడదని. పదివేలు ఎన్ని ముక్కలైనా అవుతుంది. ఒకటి చేర్చి చూడు, దాని జోలికి ఎవడూ రాలేడు" అనేవారు. అది ప్రధాన సంఖ్యేనని క్లాసంతా నమ్మేశాం. మాస్టారు చెప్పాక మళ్లీ లెక్క వేసి చూడటమేమిటి?

డెబ్బైల చివర్లో, రాజోలు దగ్గర మా హైస్కూల్లోనే లెక్కల టీచరు ఉద్యోగం ఖాళీ అయింది. నాన్న పోయిన ఏడాది అది. ఆ జీతం వస్తే తప్ప ఇల్లు గడవదు. ఇంటర్వ్యూకి ముగ్గురు కూర్చున్నారు: స్కూలు కరెస్పాండెంటు గారు, అమలాపురం నుంచి వచ్చిన కాలేజీ లెక్చరరు గారు, అప్పటికే రిటైరైన మా మాస్టారు. నా పేరు సిఫారసు చేసింది ఆయనే.

మాస్టారు నవ్వుతూ నాకు కొట్టినపిండి లాంటి ప్రశ్న వేశారు.

"పదివేల ఒకటి ఎలాంటి సంఖ్యే?"

"ప్రధాన సంఖ్యండి."

లెక్చరరు గారు తలెత్తి, "రుజువు చెయ్యండి" అన్నారు.

"ఆయ్, చేస్తుందండి" అన్నారు మాస్టారు, నా తరఫున.

వందలోపు ప్రధాన సంఖ్యలు వేటితోనూ పోకపోతే చాలు. బోర్డు మీద మొదలుపెట్టాను. ఏడుతో భాగిస్తే అయిదు మిగిలింది. పదకొండుతో రెండు. శేషం మిగిలినప్పుడల్లా ప్రాణం లేచొచ్చేది. అరవై ఏడు దాటాక మాస్టారు, "ఇంక చాలేమోనండీ, తేలిపోయింది కదా" అన్నారు. లెక్చరరు గారు చాలనలేదు. డెబ్బై ఒకటితో పోలేదు. డెబ్బై మూడుతో వేశాను.

శేషం సున్నా.

నా వీపు అడ్డంగా ఉంది, వాళ్లకి ఆ అంకె కనపడదు. దాన్ని ఇంకో అంకెగా దిద్దేస్తే మాస్టారి మాట నిలబడుతుంది. లెక్చరరు గారు పట్టుకుంటే ఈ ఉద్యోగం చేజారిపోతుంది. కానీ భయం కన్నా కోపమే ఎక్కువ వచ్చింది, మాస్టారి మీద. ఇన్నేళ్లు పాఠం చెప్పారు, ఒక్కసారైనా భాగించి చూసుకోవద్దూ?

పక్కకి తప్పుకున్నాను.

"ప్రధాన సంఖ్య కాదండి. డెబ్బై మూడుని నూట ముప్పై ఏడుతో గుణిస్తే వస్తుందండి. ఇందాక నేను చెప్పింది తప్పండి."

"ఆ తప్పు మీకెవరు నేర్పేరమ్మా?" అన్నారు లెక్చరరు గారు.

చెమటకి సుద్దముక్క చేతిలోనే తడిసిపోతోంది. కరెస్పాండెంటు గారు మా ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నారు.

"నేనేనండి" అన్నారు మాస్టారు.

ఉద్యోగం నాకే ఇచ్చారు. ఆర్డరు చేతికందగానే మాస్టారింటికి వెళ్లాను. అరుగు మీద కూర్చున్న మనిషి నన్ను చూసి లేచి నిలబడ్డారు.

"రండి టీచరుగారూ, కూర్చోండి."

అందులో వెటకారం లేదు, మనస్ఫూర్తిగానే అన్నారు. నాలుగు తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చేసింది.

"ఎప్పట్లాగే 'ఏమే' అనండి మాస్టారూ" అన్నాను.

ఆయన లోపలికి తిరిగి, టీచరుగారొచ్చేరు, మంచినీళ్లు పట్రమ్మని చెప్పారు.