వదిన కాలు మీదికి నెట్టిన తప్పు

మొన్న మా వదినను భద్రాచలంలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఎడమ మోకాలు వంగడం లేదని ఏడాదిగా మూలుగుతోంది. డాక్టరు ఎక్స్‌రే చూసి, ఈ కాలు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుందే, ఎలా విరిగిందమ్మా అని అడిగాడు. వదిన ఏమాత్రం తడుముకోకుండా, “బండి మీదికెల్లి నేనే కాలు కింద పెట్టిన సారూ, నా తప్పే,” అన్నది. ముప్పై ఏళ్ళుగా ఆ మాట వింటూనే ఉన్నాను. కాని ఆ వంకర ఎముకను కళ్ళెదుట చూస్తూ వింటే మాత్రం నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు.

మాది మరైగూడకు ఇవతల, అడవి అంచునున్న చిన్న ఊరు. ఎండాకాలం బీడీలకు తునికాకు కోసే రోజుల్లో నేను ఆకు ఎండబెట్టే కల్లాలకు మున్షీగా ఉండేవాణ్ణి. ఆకు కట్టలు సరిగ్గా ఎండుతున్నాయో లేదో చూసుకుంటూ ఊరూరా తిరగడం నా పని. మొదట్లో నాకొక మోపెడ్ ఉండేది. దాని మీద వాగు దాటడమంటే, నా వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఇసుకలో రెండు కాళ్ళూ కింద పెట్టి నెట్టుకుంటూ పోవడమే. వెనక కూర్చున్నవాళ్ళు కూడా కాలితో ఒక తోపు తోసేవారు, అది మర్యాద కింద లెక్క. బ్రేకులు రెండూ చేతుల్లోనే ఉండేవి, భయమేస్తే పిడికిలి బిగిస్తే చాలు, బండి ఆగిపోయేది.

తర్వాత ఆకు కాంట్రాక్టరు వాడి వదిలేసిన పెద్ద బండి నా చేతికొచ్చింది. పక్క ఊరికి కూడా డుగుడుగుమని వినిపించే పాతకాలపు బండి, గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. మొదటి వారం అది నన్ను నడిపిందే గాని నేను దాన్ని నడపలేదు. కిక్కు కొడితే ఎదురుతిరిగి పిక్క వాచేది, వాకిట్లో తిప్పబోయి పడేస్తే లేపడానికి అన్నయ్య రావలసి వచ్చేది. కోత కోసిన పొలాల్లో వెనక ధాన్యం బస్తా కట్టుకొని గుండ్రంగా తిరుగుతుంటే, గట్టు మీద కూర్చుని అన్నయ్య పొట్ట పట్టుకొని నవ్వేవాడు. ముందు చక్రాన్ని కాదు, దూరాన్ని చూడాలని మెల్లగా తెలిసొచ్చింది. ఇసుకలో ముందు చక్రం చేతి బ్రేకు మాత్రం ముట్టుకోకు, ముట్టుకుంటే పడతావు అని భద్రాచలంలో మెకానిక్కు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. బస్తాతో తిరగడం వచ్చింది గనుక ఇక మనిషిని ఎక్కించుకోవచ్చని నేనే తీర్మానించుకున్నాను.

వదిన చెల్లెలి పెళ్ళి వచ్చింది. ఎడ్లబండిలో వెళ్తానన్న వదినను, నేనుండగా నీకెందుకని నేనే బలవంతం చేశాను. కొత్త చీర కట్టుకొని, కాళ్ళు రెండూ ఎడమవైపు వేసి, నా భుజం పట్టుకొని కూర్చుంది. వాగులో చెలమల దగ్గర ఊరి ఆడవాళ్ళు నీళ్ళు తోడుతున్నారు. వాళ్ళు చూస్తున్నారని కాస్త జోరుగానే ఇసుకలోకి దింపాను. బండి ఊగింది. మెకానిక్కు మాట, పొలంలో నేర్చుకున్నదీ అన్నీ ఎగిరిపోయి, మోపెడ్ మీద చేసినట్టే పిడికిలి బిగించాను. ముందు చక్రం మడత పడి, బండి ఎడమవైపుకు, వదిన కాలి మీదికి కూలింది.

ఆమె బండి కింద ఉండగానే నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, “కాలెందుకు పెట్టినవ్ వదినా?” అన్నది. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు, భయమేసిందేమో. పరుగున వచ్చిన ఆడవాళ్ళు అదే మాట అందుకున్నారు. మా దగ్గర అందరూ ఇసుకలో కాలు పెట్టేవాళ్ళే గనుక, ఎవరికీ అనుమానం రాలేదు. కట్టు కట్టే ఆయన వచ్చి వెదురు దబ్బలతో బిగించాడు. వదిన చెల్లెలి పెళ్ళి చూడలేదు, ఆ ఏడే కాదు మళ్ళీ ఏనాడూ గుట్టెక్కి తునికాకు కోయలేదు.

సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటుంది. తప్పు నాది కాదని అందరూ నమ్మేసరికి నేను కూడా సగం నమ్మాను. ఆ నమ్మకం మీదనే నాకు ధైర్యం కుదిరింది. రెండు నెలల్లో ఏ వాగైనా దాటించేవాణ్ణి, జ్వరాలు వచ్చినవాళ్ళను, నొప్పులు పడుతున్న ఆడవాళ్ళను ఆసుపత్రికి చేర్చాడన్న మంచి పేరు కూడా సంపాదించాను. ఎక్కించుకున్న ప్రతివాళ్ళకూ ముందుగా ఒక హెచ్చరిక చెప్పేవాణ్ణి, మా వదినలాగా కాలు కింద పెట్టొద్దు అని. వాళ్ళు నవ్వేవారు. వాకిట్లో చేట పట్టుకుని కూర్చున్న వదిన కూడా నవ్వేది.

ఆ రోజు డాక్టరు దగ్గర్నుంచి తిరిగి వస్తూ ఆటోలో అంతా చెప్పేశాను. చేతి బ్రేకు నేను పట్టాను, నువ్వు కాలు పెట్టకముందే బండి పడిపోయింది అన్నాను. తిడుతుందనుకున్నాను. లేదా, నాకు ఎప్పుడో తెలుసులేవయ్యా అని తేల్చేస్తుందని ఆశపడ్డాను. వదిన నా ముఖంలోకి చూసింది.

“అవునా? నిజంగ నేనే పెట్టిన అనుకున్న,” అన్నది. “మీ అన్న ఉన్నప్పుడు చెప్పకపోతివి,” అన్నది.

అన్నయ్య పోయి రెండేళ్ళయింది. ఇంట్లో కుండ పగిలినా, దూడ తప్పిపోయినా, కాలు ఎక్కడ పెట్టాలో తెలియని మనిషివి అని ఆమెను అనేవాడు. సగం వేళాకోళానికే అనేవాడు, కాని ఆమె ప్రతిసారీ తల దించుకునేది. నేను మా ఇంటి అరుగు మీదే కూర్చుని అన్నం తింటూ వినేవాణ్ణి.

ఇప్పుడు ఆ వాగు మీద వంతెన పడింది, తారు రోడ్డు మా ఊరి దాకా వచ్చింది. ఆడపిల్లలు స్కూటీల మీద చున్నీ ఎగరేసుకుంటూ పోతుంటే చూడ్డానికి ముచ్చటేస్తుంది. వాళ్ళకు ఇసుకలో బండి నడపడం రాదు, రావలసిన అవసరం లేదు. మంచిదే. కాని నిన్న పొద్దున వదిన వాకిలి దాటుతూ, ఎప్పట్లా కింద చూసుకుంటూ కాక, తలెత్తుకొని నడుస్తున్నట్టు నాకనిపించింది. ముప్పై ఏళ్ళ కింద ఒక్క మాట చెప్పి ఉంటే, మా అన్నయ్య కూడా చూసి ఉండేవాడు.